స్తంభాలు మింగిన చప్పుడు

ఆ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ‘ఉప్పుగాలి’ బ్యాండు బూరుగుదిబ్బ కాలనీ స్కూలు మైదానంలో వాయించడం మొదలుపెట్టింది. ఐదూ మూడు నిమిషాలకల్లా వాళ్ల పాట మాయమైపోయింది.

కరెంటు పోలేదు. స్పీకర్లు కాలిపోలేదు. డేనియల్ వేళ్లు డ్రమ్ మెషీన్ మీటల మీద ఆడుతూనే ఉన్నాయి. స్పీకర్ల ముందున్న నల్లగుడ్డ అదురుతూనే ఉంది. మొదటి నాలుగు చుట్లు గుండెల మీద గుద్దినట్టు వినిపించిన దరువు ఐదో చుట్టులో పలచబడింది, ఆరో చుట్టుకి దూరంగా ఎవరో తలుపు కొడుతున్నట్టయింది, ఆ తరువాత ఏమీ లేదు. రమీజా గొంతు మాత్రం మిగిలింది. తోడు లేని ఆ గొంతు నాలుగు మాటలు పాడి, తడబడి, ఆగిపోయింది.

ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో ఆ నవ్వినవాణ్ణి కసిరారు. ఆ రోజు నవ్వాల్సిన రోజు కాదు. రొయ్యల ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసర్ పగిలి ముగ్గురు ఆడవాళ్లు చనిపోయి నలభై రోజులైంది. ఆ ముగ్గురిలో మార్తమ్మ డేనియల్‌కి సొంత అక్క. అక్క జ్ఞాపకార్థం కాలనీలో వాయిద్దామని అతనే అన్నాడు.

ఏం జరిగిందో ఆ మైదానంలో ముందుగా పైడిలక్ష్మికే అర్థమైంది. తన సింథ్ కీబోర్డు మీంచి చేతులు తీసేసి, తల తిప్పి ఫ్యాక్టరీ గోడ వైపు చూసింది. గోడ పొడుగునా పన్నెండు బూడిదరంగు స్తంభాలు. ఒక్కొక్కటి తాటిచెట్టంత ఎత్తు. వాటి పేరు శాంతి స్తంభాలు. వాటికి వినడం నేర్పింది ఆమే.

పైడిలక్ష్మికి ముప్పై మూడేళ్లు. ఆ కాలనీలోనే పుట్టింది. తల్లి ఎర్రమ్మ అదే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు రొయ్యలు ఒలిచింది. వాళ్ల ఇంటి గోడకీ కంప్రెసర్ హాలుకీ మధ్య పాతిక అడుగులు కూడా ఉండవు. రాత్రింబవళ్లు ఆగని ఆ హోరులో ఎర్రమ్మ ఏనాడూ కంటినిండా నిద్రపోలేదు. చదువుకుని శబ్ద ఇంజనీరైన కూతురు, సముద్రపు గట్టు మీద అద్దాల మేడలో ఉన్న కంపెనీలో చేరి, ఏడేళ్లు తిప్పలు పడి ఆ స్తంభాలను తయారుచేసింది. స్తంభం వింటుంది. మళ్లీ మళ్లీ ఒకేలా వచ్చే చప్పుడును పట్టుకుని, దానికి సరిగ్గా తలకిందులైన చప్పుడును గాలిలోకి వదులుతుంది. రెండూ కలిసి సున్నా. మనిషి మాట ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి దాని జోలికి పోదు. కాలనీవాళ్ల ఫిర్యాదులు పడలేక ఫ్యాక్టరీవాళ్లు గోడ వెంట పన్నెండు, లోపల ఆరు పెట్టించుకున్నారు. మొదటిసారి వాటిని ఆన్ చేసిన రోజు ఎర్రమ్మ తొమ్మిది గంటలు నిద్రపోయి లేచి, కూతురి రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

బ్యాండు పైడిలక్ష్మి రెండో ప్రాణం. వారమంతా ఏసీలు బాగుచేసే డేనియల్, కోర్టు ఎదుట ఒక వకీలు దగ్గర టైపు చేసే రమీజా, తను. వెనక ఏ కంపెనీ లేదు. పాత చేపల షెడ్డులో రికార్డు చేసుకుంటారు, అట్టబొమ్మ వాళ్లే గీసుకుంటారు, కాలేజీల్లో, కాఫీ హోటళ్లలో, ఒకసారి బస్సు డిపోలో కూడా వాయించారు. రెండు ఆల్బములు అలాగే వచ్చాయి. దరువును చుట్టలా చుట్టి, దాని మీద ఇంకో చుట్ట వేసి పేర్చే సంగీతం వాళ్లది. చుట్ట అంటే తిరిగి తిరిగి ఒకేలా వచ్చేది. స్తంభాలకు అంతకంటే ఇష్టమైన మేత ఏముంటుంది?

జనం లేచి వెళ్లిపోయాక ముగ్గురూ తీగలు చుట్టుకుంటున్నారు.

“మీ స్తంభం మన దరువును ఎంతసేపట్లో నేర్చుకుంది?” తలెత్తకుండా అడిగాడు డేనియల్.

“నాలుగు చుట్లు.”

“మొదట్లో వారం పట్టేదన్నావు.”

“పోయినేడాది మార్చారు. తొందరగా నేర్చుకునేలా.” చేతిలోని తీగ కింద పెట్టి, “నేనే మార్చాను” అంది పైడిలక్ష్మి.

“ఒకేలా వచ్చే చప్పుడు ఏదైనా తినేస్తదా?”

“ఏదైనా.”

డేనియల్ తీగ చుట్టడం ఆపాడు. “ఫ్యాక్టరీ లోపల కూడా ఉన్నాయి కదా మీవి?”

“ఆరు.”

“కంప్రెసర్ చచ్చే ముందు కొట్టుకుంటది పైడీ. నేను రోజూ చూసే పనే అది. ఇంట్లో పెట్టుకునే చిన్న ఏసీ కంప్రెసరైనా పదిరోజుల ముందు నుంచి టకటకలాడతది. అంత పెద్దది నోరు మూసుకుని పగిలిందా?”

విచారణ సంఘం మొదటి నివేదికలో రాసిన మాట పైడిలక్ష్మికి కంఠతా వచ్చు. ‘ముందస్తు సూచన ఏదీ లేని ఆకస్మిక ప్రమాదం.’ అదే ప్రమాదంలో అమ్మోనియా పీల్చి తల్లి ఆసుపత్రిలో ఉండగా ఆ వాక్యాన్నే పట్టుకుని బతికిందామె. ఇప్పుడు ఆమె చూపు మళ్లీ స్తంభాల మీదికి పోయింది. డేనియల్ ఆమె మొహం చూశాడు. జవాబు అందులోనే దొరికినట్టుంది. డ్రమ్ మెషీన్ భుజాన వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్టాపు వైపు నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే ఆమె ఆఫీసులో ఉంది.

ఒక చప్పుడును తీసెయ్యాలంటే స్తంభం ముందు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. అలా గుర్తుపెట్టుకున్నదాన్ని ల్యాబులో ‘అచ్చు’ అంటారు. ఒక్కొక్క స్తంభం కడుపులో వేల అచ్చులుంటాయి. ఫ్యాను కిచకిచ, నీళ్ల మోటారు గొణుగుడు, గేటు బండి చక్రం కిర్రుమనడం. పైడిలక్ష్మి హాలు లోపలి నాలుగో స్తంభం తెరిచి తేదీలు వెనక్కి జరిపింది. ప్రమాదం జూలై పంతొమ్మిదిన. తొమ్మిదో తేదీ ఉదయం పదింటికి ఒక కొత్త అచ్చు పుట్టింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. టక్ టక్, చిన్న విరామం, ఆ తరువాత ఇనుమును నేల మీద ఈడ్చినట్టు ఒక గరగర. మళ్లీ టక్ టక్, విరామం, గరగర. పదో తేదీన అదే, కాస్త గట్టిగా. పదమూడున ఇంకా గట్టిగా. స్తంభం రోజూ అచ్చును సరిచేసుకుంటూ, రోజూ ఇంకాస్త బలంగా దాన్ని మింగుతూ పోయింది. పద్దెనిమిదో తేదీకి అది చప్పుడులా లేదు, గోడను పలుగుతో పొడుస్తున్నట్టుంది. ఆ హాలు పక్కనే డెబ్బైమంది ఆడవాళ్లు తల వంచుకుని రొయ్యలు ఒలుస్తున్నారు. వాళ్ల చెవులకు చేరింది సున్నా.

హెడ్‌ఫోన్లు తీసేసరికి ల్యాబు అధిపతి చక్రపాణి వెనక నిలబడి ఉన్నాడు. మంచి మనిషే. ఎర్రమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు చూడ్డానికి కూడా వచ్చాడు.

“నేను విన్నాను పైడిలక్ష్మీ,” అన్నాడు మెల్లగా. “ప్రమాదం జరిగిన మూడో రోజునే.”

“మరి విచారణలో చెప్పలేదేం సార్?”

“స్తంభాలు ఏ శబ్దాన్నీ భద్రపరచవని కంపెనీ లిఖితంగా ఇచ్చేసింది. అచ్చు అంటే రికార్డింగు కాదు, లెక్క. సాంకేతికంగా అది అబద్ధం కాదు.”

“ఆ లెక్కను ఇప్పుడే నేను చెవులతో విన్నాను.”

“నలభై ఊళ్లలో మన స్తంభాలున్నాయి. ఆసుపత్రుల దగ్గర, బడుల దగ్గర. అన్నీ పీకించేస్తావా? ప్రమాదపు చప్పుడును వదిలేసేలా మార్పు చేద్దాం. నువ్వే చెయ్యి, నీకెంతమంది మనుషులు కావాలో చెప్పు. కానీ జరిగినదాన్ని తవ్వకు. తవ్వితే ముందు బయటపడేది నీ పేరే. నాలుగు చుట్లలో నేర్చుకునేలా చేసింది నువ్వు.”

“అవును సార్,” అంది పైడిలక్ష్మి. “అందుకే తవ్వాలి.”

తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా, రోజుకొకటి చొప్పున పదకొండు అచ్చులనూ నకలు తీసుకుంది. మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. చక్రపాణి ఆపలేదు. “లీగల్‌వాళ్లు ఊరుకోరు” అని మాత్రం అన్నాడు.

ఇంటికెళ్లి తల్లికి చెప్పడం అంతకంటే కష్టమైంది.

ఎర్రమ్మ గడపలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. అమ్మోనియా ఆమె కళ్లను సగం, ఊపిరిని సగం తీసుకుపోయింది. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకోవాలి. కూతురు చెప్పిందంతా కదలకుండా వింది.

“టక్ టక్... గర్రుమనీదా?” అని అడిగింది చివరికి.

“నీకెలా తెలుసే?”

“ఆ పొద్దున్న... ఇనపడ్డాదే. ఓ నాలుగు దెబ్బలు. మార్తమ్మ తలకాయెత్తి సూసింది. ‘ఏటొదినా, కంప్రెసరు దగ్గుతున్నాదేటి?’ అంది. ఇంతలోకే ఆగిపోనాది. ఆగిపోయింది కదాని... మల్లా పనిలో పడిపోనాం.” ఊపిరి అందక ఆగింది. “ముందయితే అలాకాదు. అది దగ్గితే సాలు, తట్టలక్కడ పడీసి అందరం బయటకొచ్చీసేవోళ్లం. మిసన్లు కాసే సూరి మావ సూసి సరేనంటేగానీ లోపలికెల్లేవోళ్లం కాదు. మా సెవులే మాకు కాపలా.”

పైడిలక్ష్మి తల్లి కాళ్ల దగ్గర కూలబడింది. “నీకు నిద్ర పట్టాలని చేశానమ్మా.”

“పట్టింది. అబద్దమాడను. రెండేళ్లు సుకంగా పడుకున్నాను.” ఎర్రమ్మ చెయ్యి కూతురి తల మీదకు రాలేదు. ఒళ్లోనే ఉండిపోయింది. “ఆ మార్తమ్మ తమ్ముడికి సెప్పు ముందు. నా కాడ ఏడిస్తే ఏటవుతాది? ఎల్లు.”

డేనియల్‌కి చెప్పింది. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదకొండు రోజులనూ వరసగా విన్నాడు. విన్నాక వాటిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, “నువ్వు కొన్నాళ్లు నాకు కనపడకు” అన్నాడు. తొమ్మిది రోజులు షెడ్డుకు రాలేదు. ఆమె రోజూ వెళ్లి తాళం తీసి కూర్చునేది. రమీజా కోర్టు పని అయ్యాక వచ్చి పక్కన కూర్చునేది. ఓదార్చేది కాదు. ఒకరోజు మాత్రం, అచ్చులు జతచేసి పైడిలక్ష్మి విచారణ సంఘానికి రాసిన ఉత్తరానికి వచ్చిన జవాబు చదివి వినిపించింది. ‘మీరు పంపిన శబ్దం కంప్యూటరుపై తయారుచేసినది కాదనుటకు ఆధారము లేదు. స్తంభముల తయారీదారు అట్టి నమోదు ఏదీ లేదని ధ్రువీకరించియున్నారు.’

“తయారీదారును నేనే కదే!” అంది పైడిలక్ష్మి.

“కాగితం మీద కాదు,” అంది రమీజా.

పదో రోజు డేనియల్ వచ్చాడు. పలకరించలేదు. నేరుగా డ్రమ్ మెషీన్ దగ్గరకెళ్లి, చుట్టలను తిప్పే పెట్టె తీగను పీకి అవతల పారేశాడు.

“ఆల్బం చేద్దాం,” అన్నాడు. “పదకొండు పాటలు, రోజుకొకటి. అక్క విననిదంతా లోకం వినాలి. కాలనీలోనే విడుదల చేద్దాం, ఆ స్తంభాల కిందనే.”

“అక్కడ వినపడదు డేనీ. ఆ దగ్గును అవి ఎప్పుడో నేర్చేసుకున్నాయి. స్పీకర్లో వేసిన మరుక్షణం మింగేస్తాయి.”

“ఆల్బం విడుదలైతే ఫోనుల్లో వింటారు కదా?” అంది రమీజా, తనకు తనే అభ్యంతరం చెప్పుకుంటున్నట్టు. వెంటనే తల ఊపింది. “కాదులే. చెవుల్లో పెట్టుకుని ఒక్కొక్కరే వింటే అది పాటవుద్ది, అంతే. అంతమందీ ఒక్కసారి వింటేనే సాక్ష్యం.”

డేనియల్ పైడిలక్ష్మి కళ్లలోకి చూశాడు. తొమ్మిది రోజుల తరువాత అదే మొదటిసారి. “నువ్వు చేసిందే కదా. అది దేన్ని మింగలేదో కూడా నీకే తెలియాలి.”

ఆమెకు తెలుసు. ఏదీ రెండుసార్లు ఒకేలా రాకూడదు. పదేళ్లు చుట్టలు చుట్టిన బ్యాండుకు అది నడక మరిచిపోయి మళ్లీ నేర్చుకోవడం లాంటిది. రెండు నెలలు పట్టింది. దరువు ప్రతిసారీ చేత్తోనే కొట్టాలి. ఒకసారి కొట్టిన బలంతో రెండోసారి కొట్టకూడదు. పైడిలక్ష్మి తన సింథ్‌ను విప్పి, తీగలను వేళ్లతో తాకితేనే పలికేలా మార్చేసింది. చెమట పడితే ఒకలా, ఆరితే ఇంకోలా పలికేది. చేతులు మొద్దుబారి పాత అలవాటులో పడిపోయినప్పుడల్లా రమీజా బల్ల చరిచేది. ఇంటి దగ్గర సంపాదన ఆగిపోయింది, స్నేహితులు ఫోన్లెత్తడం మానేశారు, పాత సహోద్యోగి ఒకడు ‘తల్లిని అడ్డం పెట్టుకుని పేరు కోసం పాకులాడుతోంది’ అని ఎక్కడో రాశాడు. ఆమె చదివింది. మళ్లీ తీగలు పట్టుకుంది.

నవంబరు మొదటి వారంలో ‘పదకొండు రోజులు’ సిద్ధమైంది. విడుదలకు ముందు ఒక నిమిషం ముక్క బయటపెట్టారు. దాని కింద పైడిలక్ష్మి రాసింది: ‘ఇందులోని కంప్రెసర్ చప్పుడు శాంతి స్తంభాల అచ్చుల నుంచి తీసుకున్నది. ఆ స్తంభాలను తయారుచేసినదాన్ని నేనే.’ వారంలో లక్షమంది విన్నారు. నిజమా, కల్పనా అని పోట్లాడుకున్నారు.

విడుదల రోజు సాయంత్రం మైదానం నిండిపోయింది. కాలనీ ఒక్కటే కాదు, సిటీ నుంచి కాలేజీ కుర్రకారు, ఇద్దరు ముగ్గురు విలేకరులు, వెనక కుర్చీలో విచారణ సంఘం తరఫున ఒక సభ్యురాలు కూడా. ఆమె ఎవరికీ చెప్పకుండా వచ్చింది. రమీజా మాత్రం గుర్తుపట్టింది.

మొదటి పాట మొదలుపెట్టగానే స్తంభాలు పని మొదలుపెట్టాయి. పైడిలక్ష్మికి తెలుస్తూనే ఉంది. డేనియల్ దెబ్బల్లో ఏవో రెండు కలిసిపోయినప్పుడు ఆ రెండో దెబ్బ సగం విరిగి గాలిలో తేలిపోయేది. అతను పళ్లు బిగించి మూడోదాన్ని పక్కకు కొట్టేవాడు. అది వినపడేది. పోగొట్టుకుంటూ, తిరిగి లాక్కుంటూ, ముగ్గురూ ఒక్కొక్క పాటే దాటారు. జనం మొదట వింతగా చూశారు, తరువాత అర్థం చేసుకున్నారు. ఒక దెబ్బ మాయమైనప్పుడల్లా మైదానం ‘ఓ’ అని అరిచేది. అరుపును స్తంభాలు ముట్టుకోలేవు.

తొమ్మిదో పాట అయ్యాక రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు స్టీలు తట్టలు పట్టుకుని వేదిక దగ్గరకొచ్చారు. ఇరవైమందికి పైనే. పైడిలక్ష్మి మైకు తీసుకుంది.

“ఇది పద్దెనిమిదో తేదీ చప్పుడు. మెషీన్‌లో వేస్తే మీకు వినపడదు. అందుకని వీళ్లు కొడతారు.”

డేనియల్ చెయ్యెత్తాడు. టక్ టక్. విరామం. తట్ట అంచును రాతి మీద ఈడ్చిన గరగర. ఇరవై చేతులు, ఇరవై తట్టలు, ఒకటి ముందు, ఒకటి వెనక. ఏ దెబ్బా ఇంకో దెబ్బలా లేదు. కానీ నడక మాత్రం అదే. స్తంభాలు తడుముకున్నాయి. మైదానమంతా ఆ దగ్గుతో అదిరింది.

మూడో వరసలో ఒక ముసలాయన దిగ్గున లేచి నిలబడ్డాడు. సూరి మావ. ఇరవయ్యారేళ్లు ఆ కంప్రెసర్లకు కాపరి. స్తంభాలు వచ్చాక చెవులతో పనిచేసే మనిషి అక్కర్లేదని ఇంటికి పంపించేసిన మనిషి.

“ఆపండెహె!” అని కేకేశాడు. “మూడో నంబరు మిసనది! అమ్మోనియా ద్రవం ఎనక్కొచ్చి కొడతన్నాది. బయటకి రండే అందరూ, బయటకి...” రెండు చేతులూ ఎత్తి ఆడవాళ్లను తోలుకొస్తున్నట్టు నాలుగడుగులు పరిగెత్తి, తను ఎక్కడున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. చుట్టూ చూశాడు. “ఇది ఎన్నాళ్లు కొట్టింది?”

“పదకొండు రోజులు మావా,” అంది పైడిలక్ష్మి.

“ఒక్క పూట ఇంటే ఆపీసేవోణ్ణి కదమ్మా,” అన్నాడు. “ఒక్క పూట సాలు.”

అంతలో చక్రపాణి, ఒక వకీలు, ఇద్దరు కాపలా మనుషులు వేదిక పక్కకు వచ్చారు. వకీలు ఒక కవరు ముందుకు పెట్టాడు. “కార్యక్రమం తక్షణం ఆపాలి. ఆల్బం వెనక్కి తీసుకోవాలి.” పైడిలక్ష్మి చెయ్యి చాచేలోగా రమీజా ఆ కవరు అందుకుంది. పన్నెండేళ్లుగా అలాంటి కాగితాలు టైపు చేస్తున్న మనిషి. నిలబడే పైనుంచి కిందికి ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. ఆ తరువాత మైకు ముందుకు నడిచింది.

“కంపెనీవాళ్లు మాకు నోటీసిచ్చారండీ. మూడో పేరా చదువుతాను,” అంది. “‘సదరు ఆల్బములో వాడబడిన, మూడవ నంబరు కంప్రెసరు యొక్క శబ్దము, జూలై తొమ్మిదవ తేదీ మొదలు పంతొమ్మిదవ తేదీ వరకు మా స్తంభములచే నమోదు చేయబడి, మా వద్ద భద్రపరచబడియున్నది. అది పూర్తిగా మా కంపెనీ యొక్క ఆస్తి.’”

చక్రపాణి కళ్లు మూసుకున్నాడు. ఆ నోటీసు తయారుచేసినవాళ్లు వేరే నగరంలో, వేరే మేడలో కూర్చునే మనుషులు. దొంగిలించిన పాటకు ఇచ్చినట్టే ఇచ్చారు. స్తంభాలు ఏ శబ్దాన్నీ భద్రపరచవని విచారణలో తమవాళ్లే రాసిచ్చిన సంగతి వాళ్లకు తెలియదు.

“ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి,” అన్నాడు వకీలు. అతనికి ఇంకా అర్థం కాలేదు, కానీ చక్రపాణి మొహం చూసి ఏదో తప్పు జరిగిందని గ్రహించాడు. “చిన్న సవరణ ఉంది.”

“ఇవ్వమండీ. మాకిచ్చారు కదా,” అంది రమీజా.

వెనక కుర్చీలోంచి సంఘం సభ్యురాలు లేచింది. జనం దారిచ్చారు. ఆమె వేదిక దగ్గరకొచ్చి, “నేనొకసారి చూడొచ్చా?” అని అడిగింది. రమీజా ఈసారి కాగితం ఇచ్చింది.

చక్రపాణి పైడిలక్ష్మికి దగ్గరగా వచ్చాడు. “దీంతో నువ్వూ మునిగిపోతావు. తెలుసా?”

“తెలుసు సార్. ఇంకొక పాట ఉంది. ఉండి విని వెళ్లండి.”

అతను ఉండలేదు. పంతొమ్మిదో తేదీ పాటలో దరువు లేదు, సింథ్ లేదు. చనిపోయిన ముగ్గురి పేర్లను రమీజా పాడింది. మార్తమ్మ. కాసులమ్మ. దేముడమ్మ. డేనియల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైడిలక్ష్మి తన తీగల మీద చెయ్యి పెట్టి పలికించకుండా ఉంది. ముందు వరసలో ఎర్రమ్మ, ఉన్న సగం ఊపిరితోనే, ఆ పేర్లను రమీజాతో కలిసి అంది.

పాటలమ్మే పెద్ద వెబ్‌సైట్లన్నీ మూడు రోజుల్లో ఆల్బంను తీసేశాయి. అప్పటికే అది ఫోను నుంచి ఫోనుకు పాకిపోయింది. అలాంటి స్తంభాలున్న మిగతా ఊళ్లలో జనం తట్టలు పట్టుకుని గేట్ల ముందు నిలబడి, మా స్తంభాలు ఏం మింగాయో చూపించమని అడగడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ మూతపడింది. కాలనీలో సగంమందికి పని పోయింది. అందుకు పైడిలక్ష్మిని తిట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఎదుట ఆమె తల దించుకునే నిలబడింది, కానీ చేసినదానికి క్షమాపణ చెప్పలేదు.

జనవరిలో విచారణ మళ్లీ తెరిచారు. మొదటి సాక్షి పైడిలక్ష్మి. పొడవాటి బల్లకు అవతల ముగ్గురు సభ్యులు, ఇవతల ఆమె. గోడ పక్క బెంచీ మీద ఎర్రమ్మ, డేనియల్, సూరి మావ. కంపెనీ తరఫున నలుగురు వకీళ్లు.

“ప్రమాద సూచన జనానికి వినిపించకపోవడానికి బాధ్యులెవరని మీ అభిప్రాయం?” అడిగాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన. “పేర్లు చెప్పగలిగితే రాసుకుంటాం. అయితే ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పింది మీ మీద కూడా వాడతారు.”

“మొదట నా పేరు రాయండి సార్,” అంది పైడిలక్ష్మి. “నాలుగు చుట్లలో నేర్చుకునేలా చేసిందాన్ని నేను. ఏది మింగాలో నేర్పాను, ఏది మింగకూడదో నేర్పలేదు.”

గుమాస్తా రాసుకున్నాడు. కంపెనీ వకీళ్లలో ఒకడు కుర్చీలో వెనక్కి వాలాడు. పని అయిపోయిందన్నట్టు కలం మూత పెట్టాడు.

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఇంకెవరైనా ఉన్నారా?”

“ఉన్నారు సార్.”

పైడిలక్ష్మి బల్ల మీది నీళ్లగ్లాసు పక్కకు జరిపి, కుర్చీ ముందుకు లాక్కుంది. గుమాస్తా వైపు తిరిగి, “మీరు రాసుకోవడానికి వీలుగా మెల్లగానే చెబుతాను” అని, వకీలు మళ్లీ కలం మూత తీసేదాకా ఆగి, రెండో పేరు చెప్పింది. “చక్రపాణి, ల్యాబు అధిపతి.”